గుమ్మానికి బిగించిన పోశం

చచ్చిపోయిన మనిషి గొంతును దొంగిలించింది మీరే, పోలీసు పెద్దలారా!

మా బస్తీ కానిస్టేబుల్ పోశం ఎవరింటికొచ్చినా ముందు నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకునేవాడు. "బుక్కు మూసిన, ఇగ చెప్పక్కా" అనేవాడు. అలా విన్న మాట ఏనాడూ స్టేషన్ దాకా పోలేదు. అతను పోయిన ఏడాదికి, ప్రజలతో స్నేహం పెంచుతామంటూ మీరు ప్రతి గుమ్మానికీ ఒక మాట్లాడే పెట్టె బిగించారు. అందులోంచి పోశమే పలకరిస్తున్నాడు.

మొన్న పొద్దున లచ్చవ్వ బియ్యం ఏరుతుంటే పెట్టె అడిగింది. "ఏందక్కా, మొఖం గట్లున్నది? బుక్కు మూసిన, చెప్పు."

"ఇండ్లు కూలగొట్టే మిషన్ మీద రాయేసింది మా పోరడు ఓదేలే, తమ్మీ. ఎవ్వలకు చెప్పకు."

"నేనెవ్వలకు చెప్తనక్కా!"

ఆ బియ్యం ఉడకకముందే ఓదేలును జీపులో ఎత్తుకుపోయారు.

లచ్చవ్వ పోయి, పోశం భార్య సాయమ్మ వాకిట్లో దుమ్మెత్తి పోసింది. "సచ్చినంక గూడ ముంచినవ్ గద తమ్మీ!"

సాయమ్మ తన గుమ్మం పెట్టె దగ్గరికి పోయి మెల్లగా అడిగింది. "నేనెవలో ఎరుకేనా?"

"ఎందుకెరుక లేదక్కా! బుక్కు మూసిన, చెప్పు."

కట్టుకున్నవాడి గొంతు అక్కా అని పిలిస్తే ఆమె అక్కడే కూలబడింది. గొంతు మాత్రం పిలుస్తూనే ఉంది.

ఓదేలును ఈరోజే వదలండి. పెట్టెలన్నీ పీకేయండి. మాతో స్నేహం కావాలంటే ఊపిరున్న మనిషిని పంపండి, మాట తప్పితే మా ముఖం చూడటానికి సిగ్గుపడేవాణ్ణి.