చెరిపేసేలోపు

“తీసేస్తుందిరా బాషా, ఇప్పుడో ఇంకాసేపటికో తీసేస్తుంది! ఈలోపే దీన్ని ఫొటో పట్టాలి. ఎట్టా పట్టాలో చెప్పరా!”

మిరపకాయల కల్లంలో బుల్లయ్య ఫోను పట్టుకుని గెంతుతున్నాడు. పక్క కల్లంలో కాయలు తిరగేస్తున్న జాన్ బాషా పని వదిలేసి పరుగున వచ్చాడు.

తెర మీద బుల్లయ్య భార్య వెంకటరావమ్మ పంపిన మెసేజ్ ఉంది. ‘సరేలెండి. మీరే కరెక్టు. తప్పు నాదే.’

“వామ్మో! మా చెల్లెమ్మే రాసిందా?”

“మరి? నీ చెల్లెమ్మే!”

పొద్దున మబ్బు పట్టింది. కాయల మీద పట్టలు కప్పమని ఆవిడ, అక్కర్లేదని ఈయన. మాట వినకపోయేసరికి ఆవిడ చుట్టాల వాట్సాప్ గ్రూపులో, ‘మా ఆయన్ని నమ్ముకుంటే ఈ ఏడు కాయలుండవు, కారం నీళ్లే’ అని పెట్టేసింది. పర్చూరు నుంచి పొదిలి దాకా ఉన్న చుట్టాలంతా పడీపడీ నవ్వారు. తీరా చూస్తే మబ్బు విడిపోయి ఎండ ఫెళ్లున కాసింది. పోయిన పరువు అదే గ్రూపులో తిరిగి రావాలని బుల్లయ్య పట్టుదల. కానీ ఆవిడ సంగతి ఆయనకు తెలియనిదా? మనసు మెత్తబడితే ఓ మాట పంపుతుంది, మళ్లీ పౌరుషం రాగానే చెరిపేస్తుంది.

“ఫార్వర్డ్ కొట్టెయ్, అయిపోద్ది” అన్నాడు బాషా.

“అట్టా పంపితే నేనే రాసుకున్నానంటారు. తనే పంపినట్టు కనపడాలి!”

“అయితే స్క్రీన్‌షాట్ తియ్యి. ఇటివ్వు, నేను తీస్తా.”

“వద్దు. నా చేత్తోనే తియ్యాలి.”

“సరే. పక్కనున్న పవర్ బటనూ, సౌండు తగ్గించే బటనూ రెండూ ఒక్కసారే నొక్కి వదులు.”

బుల్లయ్య ఒకటి ముందు నొక్కాడు, ఇంకోటి తర్వాత నొక్కాడు. తెర ఆరిపోయింది.

“చచ్చాన్రా! పోయిందా?”

“ఎక్కడికీ పోలా. మళ్లీ వెలిగించు. ఇంకో దారుంది. మూడు వేళ్లు తెర మీద ఆనించి పైనుంచి కిందకి లాగు.”

లాగాడు. పొద్దున్నించీ కాయల్లో ఉన్న చేతులు, చెమట వేళ్లు. మెసేజ్ కాస్తా కిందికి జారి పాత కబుర్లన్నీ పైకొచ్చాయి.

“చేతులు తుడుచుకోరా బాబూ!” నెత్తి కొట్టుకున్నాడు బాషా.

బుల్లయ్య తలగుడ్డ విప్పి వేళ్లు తుడుచుకున్నాడు, తెర కూడా తుడిచాడు. మెసేజ్ ఇంకా ఉంది. ఊపిరి బిగబట్టి మూడు వేళ్లూ ఆనించి సుతారంగా లాగాడు.

ఠక్!

“పడింది! పడిందిరోయ్!”

మరుక్షణమే అసలు మెసేజ్ మాయమైంది. ఆవిడ చెరిపేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కల్లం అదిరేలా నవ్వారు. బుల్లయ్య ఆ ఫొటోను తీసుకెళ్లి గ్రూపులో పడేసి మీసం మెలేశాడు.

అంతే, ఫోను మోత మొదలైంది. చప్పట్లు, ఈలలు, ఎర్ర గుండె బొమ్మలు.

“గుండెకాయలెందుకురా పెడుతున్నారు?”

“గెలిచావుగా మరి” అన్నాడు బాషా.

అన్న కూతురు శ్రీరమ్య ఫోన్ చేసింది. “బాబాయ్, అదరగొట్టావ్! మా ఆయనకి చూపించి, నిన్ను చూసి నేర్చుకోమన్నా.”

“నేర్చుకోమనమ్మా! పెళ్లాన్ని దారిలో పెట్టడమంటే మాటలా?”

అటునుంచి ఒకటే నవ్వు.

ఇంతలో వెంకటరావమ్మ కల్లంలోకి రానే వచ్చింది. గొడవ తప్పదనుకుని బుల్లయ్య బస్తాల చాటుకి జరిగాడు. కానీ ఆవిడ మొహంలో కోపం లేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని నిలబడింది. బుల్లయ్యకు ధైర్యం వచ్చింది.

“ఏమేవ్, తప్పు నీదేనని ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటానండీ. రోజూ ఒప్పుకోమన్నా ఒప్పుకుంటా.”

“మరి సిగ్గుపడతావేంటే?”

ఆవిడ తన ఫోన్లో ఆయన పెట్టిన ఫొటో తెరిచి, మెసేజ్ మీద కాదు, దానికి పైన వేలుపెట్టి చూపించింది.

పంపినవాళ్ల పేరుండే ఆ చోట, పెళ్లయిన నాటినుంచీ నలుగురిలో ఆవిడని ‘ఏమేవ్’ అని తప్ప పిలవని బుల్లయ్య, తన ఫోన్లో తన చేత్తోనే ఎక్కించుకున్న పేరు చుట్టాలందరికీ కనపడేలా మెరుస్తోంది: ‘నా బంగారుకొండ’.