జీడి మరక

“మచ్చా పాడా! జీడి మరకండి అది. కాల్లో ఆనెకాయకని జీడిగింజ కాల్చి సొన పెట్టింది మా ఆవిడ. మందులు రాసిచ్చేయండి, కిందన ఆటో ఆగుంది,” అన్నాడు వీర్రాజు, చెప్పులో కాలు దూరుస్తూ.

కాలివేళ్ళ సందుల్లో దురదకని రాజమండ్రి వచ్చాడు. డాక్టరమ్మ అరికాలు కూడా తిప్పి చూసింది. మడమ దగ్గర రూపాయి బిళ్ళంత నలుపు, అంచులు చెదిరిపోయి ఉంది.

“అరుదే గానీ, అరికాల్లోనూ చర్మ క్యాన్సర్ వస్తుందండి. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం.”

“జీడికి క్యాన్సరేంటండి బాబూ! అవతల ఊడుపులు, కూలోళ్ళు చేలో నిలబడుంటారు.” లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

డాక్టరమ్మ తటపటాయించింది. జీడి సొన పడిన కాళ్ళు ఆమె చాలానే చూసింది. “జీడే అయితే కొన్నాళ్ళకి పొరలా ఊడిపోతుంది. పోకపోతే మాత్రం వెంటనే రండి,” అంటూ మందులు రాయడానికి చీటీ అందుకుంది.

గుమ్మం దగ్గర చెంగు మెలిపెడుతున్న భార్య పాపాయమ్మ అప్పుడు నోరు తెరిచింది.

“నేను జీడి పెట్టింది కుడికాలికండి. అది ఎప్పుడో ఊడిపోయింది. ఇది ఎడమకాలు.”

డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టేసింది.

“ఏ కాలైతే ఏంటే? పద, ఆటోవాడు వెళ్ళిపోతాడు,” అన్నాడు వీర్రాజు. ఆ మాటతోనే మళ్ళీ కూర్చుని, ఎడమకాలు కుర్చీ కిందకి లాక్కున్నాడు.

పాపాయమ్మ వచ్చి ఆయన ముందు నేలమీద కూర్చుంది. ఎడమకాలి చెప్పు మెల్లగా విప్పింది.

“ఏ ఆటో అండి? మనం బస్సుకి కదా వచ్చాం.”