బెంచీ మీద చేతిరుమాలు

"ఇక్కడ కూర్చో బాబూ," అంటూ పెద్దాయన బెంచీ మీద పరిచిన చేతిరుమాలు తీశాడు.

కోర్టు వరండాలో ప్రతి వాయిదాకీ ఇదే వరస. ఆయనదేం కేసో కుర్రాడు ఎన్నడూ అడగలేదు. తన గోలే తనకు తలకు మించిన భారం.

నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారన్న కోపంతో, ఫ్యాక్టరీ కంప్యూటర్ల పాస్‌వర్డులన్నీ మార్చేసి బయటికొచ్చేశాడు. ఏడాదిన్నరగా చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. ఇప్పుడు కోపం కూడా అలిసిపోయింది, పంతం ఒక్కటే మిగిలింది.

"ఆ పాస్‌వర్డేదో చెప్పెయ్యరాదూ?"

"ఊరికే చెప్తానా? ఓనరు దిగిరావాలి."

"జీతం కోసం వేరే కేసు వేసుకో. అది నీ హక్కు. ఎలుక మీద కోపంతో ఎవరైనా ఇల్లు తగలబెట్టుకుంటారా?"

"మీరేమన్నా మా లాయరుకి చుట్టమా?" అన్నాడు చిరాగ్గా.

పెద్దాయన నవ్వేసి మంచినీళ్ళ సీసా అందించాడు.

తీర్పు రోజున బెంచీ మీద రుమాలు లేదు. ఎవరెవరో కూర్చున్నారు. పీడ వదిలిందనుకున్నాడు గానీ, నిలబడి నిలబడి మెట్లవైపే చూశాడు.

జీతం బాకీ నిజమేనన్నారు జడ్జిగారు. అయినా చేసింది నేరమేనన్నారు. రెండేళ్ళ జైలు, జరిమానా.

"ఇంకా ఎక్కువే పడేది," అన్నాడు లాయరు. "నష్టపోయినవాళ్ళలో ఒకాయన నీ కోసం ఉత్తరం రాశాడు."

"ఓనరా?"

"ఓనరుకేం నష్టం? ఇన్సూరెన్సు డబ్బుతో కొత్త కంప్యూటర్లు కొన్నాడు. కోర్టు తిరిగిచ్చిన పాతవి పోయిన నెలే తుక్కుకి వేశాడు."

లాయరు ఆ ఉత్తరం నకలు చేతికిచ్చాడు. కానిస్టేబులు తొందరపెడుతుంటే కుర్రాడు నిలబడే చదివాడు.

"అయ్యా, ఆ అబ్బాయి కడుపు మండి చేశాడు. దయచేసి శిక్ష తగ్గించండి. అతను చేరకముందే నేను ఆ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా రిటైరయ్యాను. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసు వివరాలు ఆ కంప్యూటర్లోనే చిక్కుకుపోయి పింఛను ఆగింది. ఈ సంగతి అతనికి చెప్పకండి, అసలే దిగులుగా ఉన్నాడు. మళ్ళీ కాపలా పనిలో చేరాను. తీర్పు రోజున సెలవు దొరకలేదు, బెంచీ మీద అతనికి చోటు పట్టి ఉంచడానికి రాలేను."