తడవకూడని ముఖం

"కదలకమ్మా! ఈ రాగి లోహం కలిసిన సీరం నీ ముడతలకు సరిగ్గా అంటనీ," అన్నాను.

అమ్మ బుగ్గల మీద ఆ సీరం నీలం చుక్కలు మెరుస్తున్నాయి. చూపు మాత్రం వీధి తలుపు మీదే ఉంది.

ఆరోజు ఈస్టర్ సోమవారం. మా దేశంలో ఆవేళ ఆడవాళ్లు పువ్వుల్లా వాడిపోకూడదని మగవాళ్లు ఇల్లిల్లూ తిరిగి వాళ్ల మీద అత్తరు చల్లుతారు. మధ్యాహ్నం దాటితే ఇక ఎవరూ రారు. నాన్న పోయాక ఇదే మొదటి ఈస్టర్. పొద్దుట్నుంచీ మా గుమ్మం ఎవరూ తొక్కలేదు.

"అరవై ఆరేళ్లొచ్చాయి. ఇంకా నీ మీదెవరు చల్లుతారే తల్లీ?" అని ఆటపట్టించాను.

"నోర్మూసుకుని రాయవే!"

అప్పుడే గంట మోగింది. తలుపు తీస్తే ఎదురింటి డెజో బాబాయ్, చేతిలో అత్తరు సీసాతో నిలబడ్డాడు.

"ఎటెల్కా, ఈ ఇంట్లో ఓ గులాబీ నీళ్లడుగుతోందట. పొయ్యనా?" అని అమ్మనడిగాడు.

"ఆగండి బాబాయ్! గంటసేపు ముఖం తడవకూడదు. బోలెడు ఖరీదైన సీరం, కొట్టుకుపోతుంది," అన్నాను.

"అలాగా! వయసు తగ్గుతుంటే మధ్యలో నేనెందుకు అడ్డం?" అంటూ ఆయన మూత బిగించబోయాడు.

"తియ్యి ఆ మూత," అంటూ అమ్మ తల వంచింది.

"సీరం పోతుందట కదా?"

"పోనీ డెజో. నన్నింకా ఆడవాళ్ల లెక్కలో ఉంచుకుని ఎవరో ఒకరు వస్తారనేగా అది రాసుకుంది!"

ఆయన సగం సీసా కుమ్మరించాడు. జుట్టు మీంచి కారిన అత్తరుతో నీలం చుక్కలన్నీ చెదిరిపోయాయి.

నాకింక వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. తువ్వాలు కోసం లేచాను.

"అప్పుడే వద్దే," అంది అమ్మ. "కాసేపు ఇలా తడిగానే ఉండనీ."