నెయ్యి ఎవరిది?

"అన్యాయం జరిగింది ఎవరికి? ఏ విధంగా? ముందు అది చెప్పు."

ప్లీడరు కామేశ్వరరావు గోడగడియారం వైపు చూస్తూ అడిగాడు. ఆ రోజు శనివారం. గుడివాడలో కక్షిదారులున్నారంటూ ప్రతి శనివారమూ బందరు నుంచి సాయంకాలపు బండికి బయలుదేరడం ఆయనకు అలవాటు. చేతిసంచీ అప్పటికే బల్లమీద సిద్ధంగా ఉంది.

"నాకు బాగా తెలిసిన ఒక ఇల్లాలికి," అన్నది ఆయన భార్య త్రిపురసుందరి. "ఆమె భర్త పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్నాడు. ఇంగ్లీషు చట్టంలో దాన్ని అడల్టరీ అంటారు కదా. ఆమె కోర్టుకెక్కవచ్చునా?"

కామేశ్వరరావు నవ్వాడు. పెళ్లయిన నాటినుంచీ ఆమె నోట ఇంగ్లీషు మాట వినబడితే చాలు, ఎంత పనిలో ఉన్నా ఆగి పాఠం మొదలుపెట్టేవాడు. అతిథుల ముందైతే మరీనూ.

"కాన్వెంటులో నీకు పలకడం నేర్పారేగాని అర్థం నేర్పలేదు. ఆ మాట పుట్టుక లాటిను. పాడుచేయడమని అర్థం. నేతిలో కొవ్వు కలిపితే అడల్టరేషన్ అంటారే, ఆ ఇంగ్లీషు మాట కూడా ఆ వేరునుంచి వచ్చిందే. పరాయివాడు చొరబడి ఒకడి వంశంలో కల్తీ చేశాడన్నమాట. నెయ్యి పాడైతే నష్టపోయేదెవరు?"

"తిన్నవాళ్లు."

"కాదు. నెయ్యి ఎవరిదో వాడు. అంటే ఆ రెండో ఆవిడ మొగుడు. ఫిర్యాదు చేసే హక్కు అతనిది."

"మరి నేను చెప్పిన ఇల్లాలు?"

"ఆమెకేం నష్టం? చట్టం లెక్కలో ఆమెకు చీమ కూడా కుట్టలేదు."

త్రిపురసుందరికి ఒళ్లు మండింది. "వండిన అన్నం చల్లారిపోతుంటే గుమ్మంలో కూర్చున్నది ఆమె. ఇరుగుపొరుగు అడిగితే పనిమీద వెళ్లారని బొంకింది ఆమె. నష్టం మాత్రం ఎక్కడో ఉన్న మగవాడిదా?"

"నామీద కేకలేస్తే ఏం లాభం? చట్టం రాసింది నేనా?"

"ఆ రెండో ఆవిడకు శిక్ష?"

"లేదు. నేతిని ఎవరైనా జైల్లో పెడతారా?"

"నేతికి నోరుండదు గనక సరిపోయింది. దొరల దేశంలోనూ ఇంతేనా?"

"అక్కడ ఈమధ్య అర్థం మారింది. మొగుడు తప్పు చేశాడన్న ఒక్క కారణంతో పెళ్లాం విడాకులు అడగవచ్చు. ఆ గాలి ఇంకా మన రేవుకు చేరలేదు."

"చేరేదాకా ఈమె ఏం చేయాలండీ?"

"ఏముంది, ఆ రెండో ఆవిడ మొగుణ్ణి వెతికి పట్టుకోవాలి. అతను ఫిర్యాదు చేస్తే ఆ పెద్దమనిషికి అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ నా పెళ్లాం ఇలాంటిదని ఏ మగవాడు నలుగురిలో చెప్పుకుంటాడు?"

"చెప్పుకుంటే మీరు రాసిపెడతారా?"

"దమ్మిడీ పుచ్చుకోకుండా రాస్తాను. అలాంటి వెధవల్ని వదలకూడదు." కామేశ్వరరావు కండువా భుజాన వేసుకుని సంచీ అందుకున్నాడు. "ఇక నన్ను వదులు. బండికి వేళయింది."

"ఒక్క క్షణం. అతను వసారాలోనే ఉన్నాడు."

ఆయన విసుగ్గా సంచీ దించి, కుర్చీలో కూలబడి, కలం మూత తీశాడు. "త్వరగా రమ్మను."

త్రిపురసుందరి తలుపు తీసింది. రైల్వే గార్డు కోటు తొడుక్కున్న మనిషి, చుట్టిన పచ్చజెండా చంకన పెట్టుకుని లోపలికి వచ్చి చేతులు జోడించాడు. ఎంతోకాలంగా నిద్ర లేనట్టు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చోండి," అన్నాడు కామేశ్వరరావు కాగితం మీదినుంచి తలెత్తకుండా. "సంగతంతా మా ఆవిడ చెప్పింది. ముద్దాయి ఎవరు?"

గార్డు త్రిపురసుందరి వైపు చూశాడు.

"ఆ పేరు నేను చెబుతాను," అన్నదామె. "పెళ్లయిన నాటినుంచీ నాకు ప్రతి మాటకూ అర్థం నేర్పారు. మీకు గురుదక్షిణ బాకీ ఉండిపోయాను. ఇవాళ అణాపైసలతో సహా చెల్లిస్తున్నాను. ముద్దాయి అన్నచోట మీ పేరు రాయండి. వీరు గుడివాడ వేదవతిగారి భర్త."