బారెడు ముందు

గెలుపు గీత ఇంకో నాలుగు బారల దూరం ఉందనగా ముందున్న ఎర్రకారు మెల్లగా పక్కకి ఒదిగింది. వెనకున్న ఎర్రకారు దాన్ని దాటుకుని గెలిచేసింది.

నాగాయలంక రేవు పక్కన, రావమ్మ టీకొట్టులో టీవీ చూస్తున్న కోటయ్య గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"ఇదేం పందెం? వాడు కావాలని తగ్గాడు."

"కంపెనీ ఆర్డరయ్యా," అన్నాడు భుజంగరావు. ఆయన రైసుమిల్లు గుమస్తా. ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ వదలకుండా చదువుతాడు. "రెండు కార్లూ ఒక కంపెనీవే. చెవిలో రేడియో పెడతారు. పెద్దవాడికి దారియ్యమంటే ఇవ్వాల్సిందే. ఇదివరకు మనుషులు గెలిచేవాళ్లు, ఇప్పుడు బళ్లు గెలుస్తున్నాయి."

"గంటన్నర తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చారు. ఎవడు ముందైతే ఏంలే," అంది రావమ్మ పాలగిన్నె దించుతూ.

అందరూ నవ్వారు. కోటయ్య నవ్వలేదు.

"మనిషిదేం లేదంటారా? నన్ను ఏ బోటు ఎక్కించినా రేవుకి నేనే ముందొస్తాను."

"రోజూ నాగబాబు మీద నువ్వు గెలిచేదీ బారెడేగా కోటయ్యా. అది నీ ఇంజను చలవేమో, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు భుజంగరావు.

కోటయ్య లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ నాగబాబూ, పద. నీ బోటు నాకియ్యి, నాది నువ్వు తియ్యి. మడచెట్ల మలుపు నుంచి రేవు దాకా."

మూల బల్ల మీద కూర్చున్న నాగబాబు తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

ఆ రేవులో ఎవరి ఇంజను మీద వాళ్లే చెయ్యి వేస్తారు. సొంత తమ్ముడైనా ఇంకొకడి ఇంజను ముట్టుకోడు. ఆ ధైర్యంతోనే నాగబాబు, కొత్త ఇంజను దింపిన రోజు నుంచీ, వేగం పెంచే పిడి కింద చిన్న తుమ్మచెక్క ముక్క గుడ్డ చుట్టి ఇరికించి ఉంచాడు. పిడి సగం దాకానే వెళ్తుంది. తనకి చుక్కాని పట్టడం నేర్పిన బావని దాటి రేవుకి రావడానికి అతనికి మనసొప్పలేదు.

"ఈ పూట వద్దులే బావా. నా ఇంజను వేడెక్కుతోంది."

"వేడెక్కితే చల్లారుతుంది. ఒక్క మాట చెప్తున్నా, వినండి. నా కోసం ఎవడైనా కావాలని తగ్గాడని తెలిసిందా, రేపట్నుంచి బోటెక్కను. దానం చేసిన గెలుపు నాకొద్దు."

ఆ మాట అన్నాడంటే చేస్తాడు. నాగబాబు గబగబా రేవుకి నడిచాడు, ముందు వెళ్లి చెక్క తీసేద్దామని. అప్పటికే కోటయ్య అతని బోటులో దూకేశాడు.

మెట్ల మీద ఎండుచేపలు గంపకెత్తుతున్న సత్యవతమ్మ తలెత్తి, మొగుడి బోటులో తమ్ముడినీ, తమ్ముడి బోటులో మొగుడినీ చూసింది. "ఏ ఆటైనా ఆడుకోండి," అంది. "వచ్చేటప్పుడు మాత్రం కలిసి రండి. ఒకడొచ్చి ఇంకొకడు కనబడకపోతే నా ప్రాణం నిలవదు." ఆమె రోజూ చెప్పే మాటే అది.

పోటు నిండుగా ఉంది. ఏరు కదలడం మానేసి ఆకాశాన్ని మోస్తున్నట్టుంది. పడమటి ఎరుపంతా నీళ్లలోకి దిగి, బోటు అంచులకి రాసుకుని, వెనక్కి జారిపోతోంది. రెండు ఇంజన్లూ నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు చిన్నగా కొట్టుకుంటున్నాయి. బోట్లు నిలబడి ఉండగా మడచెట్లే తెల్లకొంగలతో సహా నడిచిపోతున్నట్టు అనిపించింది నాగబాబుకి. ఈ మలుపు ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండును అనుకున్నాడు. పక్క బోటులో బావ చెయ్యి పిడి మీద ఊరికే ఆనించి ఉంది. ఇంకా ముందుకు తొయ్యలేదు.

మలుపు వచ్చింది. బోట్లు తిప్పి రేవుకేసి నిలబెట్టారు. రేవు స్తంభం మీద బల్బు వెలగడమే పందెం మొదలుకి గుర్తు.

నాగబాబు ఒకటే ఆలోచించాడు. తాను ముందు దూసుకుపోతే బావ చూపు ముందు బోటు మీదే ఉంటుంది. పిడి కిందకి వంగి చూసే తీరిక ఉండదు. బావ ఓడితే ఓడతాడు, రెండు రోజులు అలుగుతాడు. బోటు మాత్రం మానడు.

మసకలో దూరంగా పసుపుపచ్చని చుక్క వెలిగింది.

పిడి బలంగా తోశాడు. బోటు ముక్కు లేచింది. బావని బారెడు దాటాడు. అంతే, ఆ దూరం పెరగలేదు. ఎంత నొక్కినా పిడి ఇంక ముందుకు రావడం లేదు. ఇంత పాత ఇంజనుతోనా ఈ మనిషి రోజూ ముందొచ్చేది అని ఆశ్చర్యపోయాడు. భుజంగరావుగారు చూసి ఉండాల్సింది.

రేవు దగ్గరపడింది. మెట్ల మీద జనం కనిపిస్తున్నారు. అక్క గంప దించి నిలబడింది.

ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూశాడు. బోటులో బావ తల కనిపించలేదు. ఇంజను మీదకి వంగిపోయి, పిడి కింద దేనికోసమో చేత్తో తడుముతున్నాడు.

అయిపోయింది. బావ లేచాక ఆ ముఖంలోకి ఎలా చూడాలో తెలియక నాగబాబు తల దించుకున్నాడు.

అప్పుడు కనిపించింది, తన చేతి కిందే, బావ ఇంజను పిడికి అడ్డంగా, అక్క పాత చీర అంచు చుట్టి ఇరికించిన తుమ్మచెక్క ముక్క. తను పెట్టినదానికన్నా మందం ఒక్క వేలు తక్కువ.