రెండో చూపు

సీలు వేసే గదికి వెళ్ళాల్సిన కామిక్ పుస్తకం కొత్తావిడ బల్ల మీద, దీపం కింద, వెల్లకిలా పడుకుని ఉంది.

భూతద్దం గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ పేరు ఆయనకి ఆఫీసు పెట్టింది. పాత కామిక్కుల్ని పరీక్షించి పదికి ఇంత అని గ్రేడు వేసే ఆ సంస్థలో అందరికంటే పెద్దవాడు ఆయనే. పుస్తకం వెన్ను మీద వెంట్రుకంత ముడతని కూడా వదలడని పేరు. ఇద్దరు విడివిడిగా గ్రేడు వేస్తారు. తేడా వస్తే ఆయన మాటే చెల్లుతుంది. ఆపైన పుస్తకాన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసేస్తారు. ఇక దాన్నెవరూ విప్పి చూడరు. లేబులు మీది అంకెని నమ్మి ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొనుక్కుంటారు.

"అది నేను చూసేసిందే కదమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. "అవునండీ. ఒక్కసారి చూసి పంపించేస్తాను."

"నీ వంతూ నిన్ననే అయిపోయిందిగా?"

"అయిపోయిందండీ."

"మరి?"

"ఊరికేనండీ."

ఊరికే! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఊరికే పుస్తకం తిరగేసినవాణ్ణి ఆయన చూడలేదు. పేజీ మార్చాలనో, ఏకంగా పుస్తకాన్నే మార్చేయాలనో, ఏదో ఒకటి ఉంటుంది.

ఆ రోజు నుంచి ఆయన పుస్తకాలకంటే ఆమె చేతుల్నే ఎక్కువ చూశాడు.

అందరూ భోజనానికి లేస్తే ఆమె లేచేది కాదు. గాజు తలుపు అవతల నిలబడి, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ గమనించేవాడు. తీస్తే ఆయన దొంతరలోంచే తీసేది. మిగతావాళ్ళవి ముట్టుకునేది కాదు.

"నా మీదే కన్నేసింది," అన్నాడు ఇంట్లో భార్యతో. "నా స్థానం కావాలి మహాతల్లికి."

"అడిగిందా?"

"అడిగేవాళ్ళతో భయమేముంది? ఎదురుపడితే లేచి నిలబడుతుంది. గట్టిగా మాట్లాడదు. అంత వినయం దేనికట?"

"ఏవండీ, ముందు మీ కళ్ళు చూపించుకోండి. ఆవిడ చేతుల సంగతి తర్వాత చూద్దురుగాని. పొద్దున్న చొక్కా తిరగేసి తొడుక్కుని వెళ్ళారు."

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

నిజానికి ఈమధ్య సాయంత్రమయ్యేసరికి బొమ్మల అంచులు కరిగిపోతున్నాయి. నాసిరకం బల్బులు తెస్తున్నావని స్టోర్స్ అతనితో గొడవ కూడా పెట్టుకున్నాడు. ఆమెని అనుమానించడం మొదలుపెట్టాక, ఎందుకో, ఆ బెంగ కాస్త తగ్గింది.

ఒక మధ్యాహ్నం దొంగతనం దొరికింది.

సీలు వేసే అమ్మాయి చేతిలో లేబులు. తను తొమ్మిది వేసిన పుస్తకానికి ఏడున్నర. కింద గ్రేడరు కోడు మాత్రం ఆయనదే.

"ఇదెవరు మార్చారు?"

"నాకేం తెలుసు సార్? కంప్యూటర్లో ఎంతుంటే అంత అంటిస్తాను."

ఆయన హాలు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ఆ గొంతుకి మేనేజరు గదిలోంచి పరుగున వచ్చాడు.

"ఒకరి గ్రేడు ఇంకొకరు చూడకూడదు. మన పరువంతా అందులోనే ఉంది. ఈవిడ చూడటమే కాదు, నా పేరు మీద దిద్దింది! నా ఖాతా తెరిచే హక్కు ఈవిడకెవరిచ్చారు?"

మేనేజరు ఏదో చెప్పబోయి ఆమె వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తలూపింది.

"నేనే మార్చానండీ."

"ఎందుకు?"

ఆయన మేనేజరు వైపు తిరిగాడు.

"విన్నారుగా! ఈవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"మీరే ఉండాలండీ," అంది ఆమె.

సంచి భుజాన వేసుకుంది. వెళ్ళబోతూ, ఆయన బల్ల మీది దీపాన్ని కాస్త కిందికి వంచింది.

పోతూ పోతూ వెటకారం ఒకటి, అనుకున్నాడు ఆయన.

ఆమె బదులు వచ్చినవాడు ఆయన ఏమంటే దానికి తలాడించే రకం. ఆఫీసు ప్రశాంతంగా ఉంది.

ఆ నెల దాటకుండానే పుస్తకాలు తిరిగి రావడం మొదలైంది.

"చిరుగు కనపడకుండా ఎవరో అట్టకి రంగు పూశారు, లైటేసి చూస్తే పెట్టెలోంచే తెలుస్తోంది. మీవాళ్ళు కళ్ళు మూసుకుని గ్రేడు వేస్తారా?" ఫోన్లో ఒకాయన అరిచాడు.

ఆ పుస్తకాన్ని భూతద్దమే స్వయంగా విప్పించి యూవీ లైటు కింద పెట్టాడు. పూత ఉంటే ఆ వెలుతురులో వేరుగా తేలుతుంది. ఎంతసేపు చూసినా అట్ట నున్నగానే ఉంది.

సీలు వేసే అమ్మాయిని పిలిచాడు. "నువ్వు చూడు. ఏదమ్మా పూత?"

"ఇదుగోండి సార్, హీరో భుజం మీద. నల్లగా ఇంత మచ్చ."

ఆయన వేలు పెట్టాడు. "ఇక్కడా?"

అమ్మాయి ఆయన వేలు పట్టుకుని మెల్లగా పక్కకి జరిపింది.

ఆ పుస్తకం పట్టుకునే ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"ఆవిడ... నేను వదిలేసినవన్నీ ఏరుకుంటూ వచ్చింది కదూ?"

"అవునండీ."

"నాకు మాట రాకూడదని నా పేరు మీదే దిద్దింది."

మేనేజరు తలూపాడు.

"పిలిపించండి. నేనే బతిమాలుకుంటాను. నాలుగు రోజులు నా కింద ఓపిక పట్టమనండి. తర్వాత నేనే తప్పుకుని, నా స్థానం ఆమెకిప్పిస్తాను."

"వేరేచోట చేరిపోయిందండీ."

"మన దగ్గర పై స్థానం ఇస్తామంటే రాదా?"

మేనేజరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండానే అన్నాడు.

"ఆమెని మొదట్నుంచీ మీ స్థానంలోకే తీసుకున్నామండీ, మీ అంతట మీరు దిగేదాకా ఆ సంగతి మీకు తెలియకూడదని మా దగ్గర మాట తీసుకుని, ఆమే వచ్చి మీ కింద చేరింది."